ఎసరు పెట్టని పూట

రొయ్యల మేత కంపెనీ అమలాపురం ఆఫీసులో ఆనందరావు గారు లైను రెండు ముక్కలు చేస్తున్నానని చెప్పినప్పుడు గంగబాబు పెద్దగా కంగారు పడలేదు. పదకొండేళ్లుగా రాజోలు నుంచి సముద్రం ఒడ్డు దాకా ఉన్న చెరువులన్నీ ఒక్కడే చూస్తున్నాడు. వయసు యాభై దాటింది. మోటారు సైకిలు మీద రోజుకి డెబ్భై కిలోమీటర్లంటే నడుం పట్టేస్తోంది. సగం ఎవరైనా పంచుకుంటే మంచిదే, కాకపోతే ఏ సగమన్నదే ప్రశ్న.

"ఈ వారం ఇద్దరూ కలిసి తిరగండి" అన్నారు మేనేజరు ఆనందరావు గారు, పక్కన నిలబడ్డ కొత్త టెక్నీషియన్‌ని చూపించి. "దుర్గాసాయి, పలివెల కుర్రాడు. వచ్చే వారం నుంచి ఒకరికి రాజోలు చుట్టుపక్కల, ఇంకొకరికి సముద్రం వైపు. ఆ సముద్రం లైను ఎవరికివ్వాలో శుక్రవారం ఫోను చేసి ముత్యాలరాజు గారిని అడుగుతాను. అక్కడి రైతులంతా ఆయన మాటే వింటారు కదండి."

గంగబాబు మీసాల్లో నవ్వుకున్నాడు. ముత్యాలరాజుని అడగడమంటే తననే అడగడం. కరవాక వైపు మూడు చెరువులు కౌలుకి చేస్తున్న ఆ మనిషి గట్టు మీద పాకలోనే కాపురం. ఆ పాకలో గంగబాబు తిన్న భోజనాలు లెక్కపెట్టేవాడు లేడు. ముత్యాలరాజు భార్య పోలమ్మ వండినట్టు ఈ జిల్లాలో ఇంకెవరూ వండరని అతని గట్టి నమ్మకం. వండటం ఒక ఎత్తు, వడ్డించడం ఒక ఎత్తు. చీర చెంగు నడుముకి దోపి, గరిటె పట్టుకుని గుంజ పక్కన నిలబడి, విస్తట్లో కూర అయిపోయేలోపే మళ్లీ వేసేది. ఇంటి దగ్గర తన భార్య కుసుమ స్కూలు నుంచి అలిసిపోయి వచ్చి హాట్ బాక్సు మూత తీసి, "పెట్టుకోండి" అని టీవీ ముందు కూర్చుంటుంది. ఆవిడని తప్పుపట్టడానికి లేదు. అయినా ఒక మనిషి మనం తినడం కోసం ఎదురుగా నిలబడటంలో ఉండే దర్జా వేరు, అది రుచి మరిగినవాడికే తెలుస్తుంది.

అందుచేత సముద్రం లైను పోతుందన్న ఊహే గంగబాబుకి రాలేదు. మంగళవారం పొద్దున్న రాజోలు లాడ్జిలో కొత్త కుర్రాడు సంచీ విప్పేదాకా.

సంచీలోంచి ముందు కరెంటు కెటిలు వచ్చింది. తరవాత పాత వార్తా కాగితంలో చుట్టిన డజను కోడిగుడ్లు, ఎండు కొబ్బరి చిప్పలు, నానబెట్టి ఎండబెట్టిన బాదం గింజలు, వేయించిన ఎండు రొయ్యల సీసా, గానుగ కొబ్బరి నూనె ఉన్న చిన్న సీసా, నాలుగు నిమ్మకాయలు, ఉప్పు డబ్బీ. దుర్గాసాయి కెటిల్లో నీళ్లు పోసి ఆరు గుడ్లు మెల్లిగా దింపాడు.

"ఇవేంటి, పరుపు కింద పొదగేస్తావా?" అన్నాడు గంగబాబు.

"పేలియో అండి సార్. ఆదిమానవుడి తిండి. వ్యవసాయం పుట్టకముందు మనిషి ఏం తిని బతికేవాడో అదేనండి. మాంసం, చేప, గుడ్డు, కాయలు, గింజలు. అన్నం, రొట్టె, పప్పు, పంచదార ఏవీ ఉండవండి."

"నెయ్యో?"

"నెయ్యి దగ్గర మాలో మాకే పడదండి. నేనైతే కొబ్బరి నూనె."

"వరి పండించే చోట పుట్టి వరి మానేశావన్నమాట. మీ ఊళ్లో నిన్నెలా ఉండనిచ్చారయ్యా?"

కుర్రాడు నవ్వాడు. ఇరవై ఏడేళ్లకే షుగరు అంచులోకి వచ్చిందని, నూట నాలుగు కిలోలుండేవాడినని, ఏడాదిలో డెబ్భై తొమ్మిదికి దిగానని మాత్రం చెప్పాడు. ఊళ్లు తిరిగే ఉద్యోగంలో వంటిల్లు, ఫ్రిజ్జు లేకుండా ఎలాగని అంతా అడుగుతారట. కిటుకంతా పెంకులో ఉందన్నాడు. ఒలిచిన గుడ్డు ఈ ఎండకి మూడు గంటలు కూడా ఆగదు, ఒలవకుండా ఉంచితే సాయంత్రం దాకా వస్తుంది. పచ్చి చేప దొరికితే ఆ పూటకి ఎంత కావాలో అంతే కొనాలి, దాచుకోవాలన్న ఆశ పెట్టుకోకూడదు. మిగతాదంతా ఎండబెట్టిందే. గంగబాబు ఇదంతా విని, దీన్ని తిండి అనే బదులు వ్రతమంటే బాగుంటుందనుకున్నాడు. అతని మీద జాలి కూడా పడ్డాడు. ఆ జాలి మధ్యాహ్నం పన్నెండింటి వరకూ ఉంది.

పన్నెండింటికి సూర్యనారాయణ గారి చెరువు గట్టు మీద అది కాస్తా పోయింది. సూర్యనారాయణ గారికి షుగరు. మామూలుగా గంగబాబు వస్తే చెట్టు కింద కుర్చీ వేయించి, కూర్చోబెట్టి, సముద్రం వైపు కబుర్లన్నీ అడిగేవారు. ఆ రోజు దుర్గాసాయి నిమ్మకాయ నీళ్లలో ఉప్పు కలుపుకోవడం చూసి "ఏంటి బాబూ అది" అని అడిగారు. అంతే. గంటసేపు ఆయన తల పక్కకి తిప్పలేదు. అన్నం మానేస్తే నీరసం రాదా, మాత్రలు ఆపొచ్చా, కొబ్బరి తింటే కొలెస్ట్రాలు పెరగదా. మాత్రలు మాత్రం డాక్టరు చెబితేనే ఆపాలని దుర్గాసాయి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆ మాటకి పెద్దాయన మరీ మురిసిపోయారు.

"చూసేరా గంగబాబు గారూ, ఎంత బాధ్యతగా చెప్పేడో. మీరు కూడా ఆ పొట్ట సంగతి చూసుకోండి."

గంగబాబు చెక్ ట్రే పైకి లాగుతున్నాడు. మేత వేసిన గంటకి చెరువు అడుగు నుంచి తీసి చూసే వల గంప అది. రొయ్య మేత తిన్నదా లేదా, పేగు నిండిందా లేదా దాన్నిబట్టే తెలుస్తుంది. అతను పేగు చూసి చెబుతున్న మాట ఎవరూ వినడం లేదు. రొయ్యని తిరిగి నీళ్లలోకి కాస్త గట్టిగానే విసిరాడు.

సాయంత్రం లాడ్జి మెట్ల మీద నిలబడి పోలమ్మకి ఫోను చేశాడు.

"చెల్లెమ్మా, రేపు మధ్యాహ్నం ఇద్దరం వస్తున్నామమ్మా. మా కోసం ఏమీ హడావిడి పడకండి."

"హడావిడేముందండి అన్నయ్యగారూ, ఉన్నదే పెడతాం."

ఈ రెండు మాటలూ పదకొండేళ్లుగా ఇలాగే నడుస్తున్నాయి. గోదావరి జిల్లాల్లో హడావిడి వద్దనడమూ మర్యాదే, ఉన్నదే పెడతామనడమూ మర్యాదే. గంగబాబు ఈసారి ఇంకో ముక్క కలిపాడు. "కొత్త కుర్రాడమ్మా. తిండి దగ్గర కాస్త పేచీకోరు. మట్టగిడసల పులుసు ఎలా ఉంటుందో ఎరగడు పాపం."

"అయ్యో, అలాగాండి" అంది పోలమ్మ.

అతని పథకం పెద్ద తెలివైనదేమీ కాదు. ఆ చేపల పులుసు ముందు కుర్రాడు అన్నం కలిపితే వ్రతం చెడుతుంది, నవ్వుకోవచ్చు. కలపకపోతే ఇంకా మంచిది. ఇంటికొచ్చి అన్నం వద్దన్నవాడిని ఈ నేల మీద ఏ ఇల్లాలూ మరిచిపోదు, ఏ ఇంటాయనా క్షమించడు. శుక్రవారం ఆనందరావు గారు ఫోను చేసినప్పుడు ముత్యాలరాజు ఏం చెప్పాలో ఆ విస్తరే చెబుతుంది.

బుధవారం విస్తట్లోకి మామిడికాయ వేసిన మట్టగిడసల పులుసు, పీతల ఇగురు, చందువా వేపుడు, చింతచిగురులో ఎండు రొయ్యలు వచ్చాయి. పోలమ్మ అన్నం గిన్నె పట్టుకుని కుర్రాడి ముందు వంగగానే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నం వద్దక్కా. వేసేక వదిలేస్తే పాపం కదండి, ముందే చెబుతున్నాను. ఈ చేప ముక్కలు మాత్రం రెండు ఎక్కువ వెయ్యండి."

గంగబాబు ముద్ద కలుపుతూ ఆగాడు. ముత్యాలరాజు తలెత్తాడు. పోలమ్మ గిన్నె అలాగే పట్టుకుని నిలబడి అడిగింది.

"అన్నం మానేసి ఎన్నాళ్లయిందండి?"

"ఏడాది దాటిందక్కా."

"మరి ఇలా ఊళ్లట్టుకు తిరిగేటప్పుడండి? ఎవరు వండి పెడతారు?"

"ఎవరూ వద్దక్కా. గుడ్లు నేనే ఉడకబెట్టుకుంటాను. కొబ్బరి ఉంటుంది. ఎవరింటికెళ్లినా వేడినీళ్లు అడుగుతాను, అంతే."

"వేడినీళ్లు అడుగుతారా" అంది పోలమ్మ. అన్నం గిన్నె కింద పెట్టింది. రెండడుగులు ముందుకు వచ్చింది. కొబ్బరి ముక్కలతోనే కడుపు నిండుతుందా అని అడిగింది. గుడ్డు ఎన్ని నిమిషాలు ఉడకాలని అడిగింది. వేడినీళ్లు అడిగితే జనం ఏమీ అనుకోరా అని అడిగింది. ఆవిడకి ఇన్ని ప్రశ్నలు వచ్చని గంగబాబుకి తెలియదు. తనతో "ఇంకొంచెం వెయ్యనాండి", "ఉప్పు సరిపోయిందాండి" తప్ప మాట్లాడగా వినలేదు. ఈ నిన్నకాక మొన్న వచ్చినవాడితో పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది.

గంగబాబు విస్తట్లో పులుసు అయిపోయింది. తెల్లన్నం మిగిలింది. పదకొండేళ్లలో అతని విస్తట్లో కూర అయిపోయిన మొదటి పూట అది, గరిటె చేతిలో ఉన్న మనిషి అటు చూడనే లేదు. అతను దగ్గాడు. ముత్యాలరాజు కనిపెట్టి, "ఇదిగో, గంగబాబు గారికి పులుసు" అన్నాడు. పోలమ్మ ఉలిక్కిపడి వడ్డించింది. అడిగించుకున్న పులుసులో రుచేముంటుంది. మామిడికాయ పులుపెక్కువైందనిపించింది. ఆ కుర్రాడు తన విస్తరి తనే తీసి మడిచి గోతిలో వేసి వచ్చాడు. అది నటన అనిపించింది. కళ్లలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో గంగబాబుకి ఆ మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ తెలిసింది.

గురువారం అతను కుర్రాడిని వదిలిపెట్టలేదు. పొద్దున్నే రాజోలు సెంటర్లో హోటలుకి తీసుకెళ్లి ఎదురుగా ఉప్మా పెసరట్టు తెప్పించుకుని, నేతి వాసన అటు వెళ్లేలా ప్లేటు జరిపి తిన్నాడు. దుర్గాసాయి గుడ్డు పెంకు ఒలుచుకుంటూ, "బాగుందాండి సార్?" అని నిజంగానే అడిగాడు. చెరువుల దగ్గర బజ్జీలు, సంతలో కొబ్బరి లౌజు, ఎక్కడ ఏది కనపడితే అది కొన్నాడు. కుర్రాడికేమీ కాలేదు. గంగబాబుకి మాత్రం సాయంత్రానికి గుండెల్లో మంట పుట్టింది. అది బజ్జీల వల్ల అని చెప్పుకున్నాడు.

ఆ మంటలోనే ముత్యాలరాజుకి ఫోను చేశాడు. చెయ్యాలని చెయ్యలేదు, రెండో చెరువు నీళ్లు మార్చారా అని అడగడానికి చేశాడు. ఆ సంగతి అయ్యాక నాలుక ఊరుకోలేదు.

"ఆ కుర్రాడు నిన్న అన్నం ముట్టలేదు కదండి రాజు గారూ. డైటూ గియిటూ అంటాడు గానీ, నాకెందుకో... అందరిళ్లలో అన్నం వాళ్లకి పడదేమోనండి. మనకి పైకి చెప్పరు కదా."

మీ ఇళ్లు అని అనలేదు. అక్కర్లేదు. చేపలు పట్టే రేవు మనుషుల ఇళ్లలో అన్నం తినకుండా వంకలు చెప్పి లేచిపోయిన పెద్ద కులాలవాళ్ల కథలు ముత్యాలరాజు తండ్రి కాలం నుంచీ ఉన్నాయి. ఆ మాట ఎక్కడ తగులుతుందో గంగబాబుకి బాగా తెలుసు, తెలిసే అన్నాడు.



"అలాగాండి" అన్నాడు ముత్యాలరాజు. "ఆయ్, సరేనండి."

ఫోను పెట్టేశాక గంగబాబు ముఖం కడుక్కున్నాడు. అద్దంలో తన ముఖం తనకే నచ్చలేదు. అయినా పని అయింది కదా అనుకుని పడుకున్నాడు.

శుక్రవారం కుర్రాడు పొద్దున్నే ఒక్కడే కరవాక వైపు వెళ్లాడు. గంగబాబు రాజోలు మెస్సులో భోజనానికి కూర్చున్నప్పుడు ఆనందరావు గారి ఫోను వచ్చింది.

"ముత్యాలరాజు గారితో మాట్లాడేనండి గంగబాబు గారూ. సముద్రం లైనుకి ఆ కుర్రాడిని ఇమ్మన్నారు."

గంగబాబు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఏమన్నారండి ఆయన?"

"మీరంటే చాలా గౌరవమండి. అది నాలుగుసార్లు చెప్పేరు. కానీ దుర్గాసాయి అయితే ఇంట్లో తేలిగ్గా ఉంటుందన్నారు."

"తేలిగ్గా అంటే?"

"నేనూ అడగలేదండి. పెద్దాయన, ఏదో ఉద్దేశం ఉంటుంది. మీకూ నడుం నొప్పి కదా, రాజోలు దగ్గరే హాయి."

ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు. తేలిగ్గా. రెండు కోడిగుడ్లతో తేలిపోతాడనా? పీనాసితనమా ఇన్నేళ్ల తరవాత? చేపకి వెనకాడే మనుషులు కారే వాళ్లు. తను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఏమీ చెయ్యకండమ్మా అనే అన్నాడు ప్రతిసారీ. ఉన్నదే పెట్టారు, తిన్నాడు. ఆ ఇంటి రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చిన ఏడాది రెండు రాత్రులు గట్టు మీదే పడుకున్నాడు. అదంతా నిమ్మకాయ నీళ్లలో కొట్టుకుపోయిందా? ఆ రాత్రి ఇంట్లో కుసుమ హాట్ బాక్సు మూత తీస్తే వద్దన్నాడు. ఒంట్లో బాగాలేదా అని ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

శనివారం మధ్యాహ్నం అతను కరవాక వైపు బయలుదేరాడు. లైను తనది కాదు, పని లేదు. ముఖం మీదే అడిగేద్దామని. ఫోను చెయ్యలేదు. కోపంలో ఉన్నవాడు ఫోను చేసి వెళ్లడు.

గట్టు మొదట్లో మేత లారీ అడ్డంగా ఉంటే బండి అక్కడే పెట్టి, కొబ్బరి చెట్ల వెనక నుంచి నడిచి పాక దగ్గరికి వచ్చాడు. ఒంటిగంట కావస్తోంది. విసురువల తడితడిగా కంచె మీద ఆరుతోంది. పాక ముందు నీడలో తాటాకు చాప పరిచి ఉంది. దాని మీద దుర్గాసాయి, ముత్యాలరాజు, పోలమ్మ కూర్చుని ఉన్నారు. పోలమ్మ కాళ్లు బారజాపుకుంది. ఒక చేతిలో సగం కొరికిన కోడిగుడ్డు, ఒళ్లో కొబ్బరి ముక్కలు. నోట్లో తిండి పెట్టుకునే ఏదో చెబుతోంది, నవ్వుతోంది. వెనక పొయ్యి ఊడ్చి ఉంది. బూడిద కూడా లేదు.

గంగబాబు కొబ్బరి చెట్టు పక్కన ఆగిపోయాడు. పోలమ్మ తినడం అతనెప్పుడూ చూడలేదు. ఆవిడ కూర్చోవడం కూడా చూడలేదు. ఆవిడ తింటుందన్న సంగతే ఎప్పుడూ మనసులోకి రాలేదు. ముందు వచ్చింది అసూయే, ఇంకేమీ కాదు. పదకొండేళ్లు అన్నం తిన్న తన ముందు ఎప్పుడూ కూర్చోని మనిషి, నాలుగు రోజుల వాడి ముందు కాళ్లు చాపుకుని నవ్వుతోంది.

అప్పుడు పోలమ్మ అతన్ని చూసింది.

ఒక్క గెంతున లేచింది. సగం గుడ్డు కొబ్బరి చిప్పలో పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుంది. "అన్నయ్యగారా. ఫోను చెయ్యలేదేంటండి?"

ఆ ముఖంలో విసుగు లేదు. విసుగు ఉన్నా బాగుండేది. లెక్క ఉంది. ఇంట్లో ఏముంది, ఏది లేదు, ఎంతసేపు పడుతుంది అని కళ్లు పాకంతా ఒకసారి తిరిగి వచ్చాయి. భర్తతో ఒక్క మాట అనలేదు. ముత్యాలరాజు అప్పటికే లేచి చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. రేవుకి మూడు కిలోమీటర్లు. ఈ వేళప్పుడు పడవలు ఏవొచ్చాయో, ఏం మిగిలిందో. పోలమ్మ నవ్వు ఎక్కడో పెట్టేసి చెంగు నడుముకి దోపుకుంది. ఒక చేత్తో కొబ్బరి డొక్కలు పొయ్యి దగ్గరికి తోసింది, రెండో చేత్తో బియ్యం డబ్బా మూత తీసింది. అల్లం వెల్లుల్లి కోసం కాబోలు, పక్క గట్టు పాక వైపు చూసి, "ఎంతసేపండి, ఎసరు పెట్టేత్తాను, కూకోండి" అంది. కుడి భుజం ఒకసారి నొక్కుకుని నీళ్ల బిందె ఎత్తింది.

పదకొండేళ్లుగా గంగబాబు ఫోను చేసే వచ్చేవాడు. అది తన సంస్కారమనుకునేవాడు. వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి ఉండేది, గిన్నెల మీద మూతలుండేవి, పోలమ్మ ముఖం కడుక్కుని నిలబడి ఉండేది. ఇదేదీ అతను చూడలేదు. పాకలోకి చూశాడు. బియ్యం డబ్బా, ఉల్లిపాయల బుట్ట, చింతపండు కుండ. ఫ్రిజ్జు లేదు. లేదని ఎప్పుడూ తెలుసు, ఇక్కడ చల్లటి మంచినీళ్లు దొరకవని కుసుమతో చెప్పాడు కూడా. మరి మట్టగిడసలు ఎక్కడి నుంచి వచ్చేవని ఒక్కసారీ అనుకోలేదు. ఈ ఇంట్లో ఉన్నది ఇదీ. నెలకి రెండుసార్లు, మూడుసార్లు, ఎండలో ఇద్దరు మనుషులు ఇలా లేచి పరిగెత్తారు. దానికి ఆవిడ పెట్టిన పేరు 'ఉన్నదే'. అతను అలాగే నమ్మాడు, హాయిగా నమ్మాడు. ముఖం మీద అడగాలని తెచ్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"వద్దమ్మా. తినేసి వచ్చేను" అన్నాడు.

"ఊరుకోండి అన్నయ్యగారూ, ఈ యేళప్పుడు ఎక్కడ తిన్నారు."

"నిజంగా తిన్నానమ్మా."

"రెండు ముద్దలేనండి, ఉన్నదే పెడతాను."

ఎసరు గిన్నెలో నీళ్లు పడ్డాయి. మూడోసారి అన్నా లాభం లేదని గంగబాబుకి తెలుసు. ఈ చోట అతిథి తినేశానంటే ఎవరూ నమ్మరు, నమ్మకపోవడమే ఇక్కడి మర్యాద. అతని కడుపు ఆకలితో మూలుగుతోంది. పొద్దున్న రెండు ఇడ్లీలు తిన్నవాడు.

"అన్నం మానేసేనమ్మా" అన్నాడు. "నేనూ ఈ డైటే. నిన్నటి నుంచి."

చొక్కాలో ఒక చెయ్యి దూర్చిన ముత్యాలరాజు అలాగే ఆగి, చాలా మర్యాదగా అడిగాడు.

"మా అన్నం మీకు కూడా పడటం లేదాండి?"

గంగబాబు ఆ కళ్లలోకి చూడలేక నేల చూశాడు. కుర్రాడికి ఆ మాట తెలిసినట్టు లేదు, అమాయకంగా చూస్తున్నాడు. ముత్యాలరాజు జవాబు కోసం నిలబడే ఉన్నాడు, తొందరేమీ లేదన్నట్టు.

"పడకేమండి" అన్నాడు గంగబాబు చివరికి, పొట్ట మీద చెయ్యి వేసుకుని. "పడింది కాబట్టే ఇదిలా ఉంది. మొన్న నేనన్న మాట తప్పండి రాజు గారూ. నోటి తీట, అంతే."

ముత్యాలరాజు "ఆయ్" అన్నాడు. దూర్చిన చెయ్యి చొక్కాలోంచి వెనక్కి తీసుకుని, చొక్కా గుంజకి తగిలించాడు.

"కూర్చోండి సార్" అని దుర్గాసాయి జరిగి చోటిచ్చి, కాగితం విప్పి ఒక గుడ్డు అతని చేతిలో పెట్టాడు. గంగబాబు నడుం పట్టుకుని చాప మీదకి దిగాడు. కింద కూర్చుని ఎన్నేళ్లయిందో. పోలమ్మ ఇంకా గిన్నె పట్టుకునే నిలబడి ఉంది. ఒకసారి భర్త వైపు, ఒకసారి అతని వైపు చూసింది. గంగబాబు ఆవిడ వైపు చూడకుండా పెంకు ఒలవడం మొదలుపెట్టాడు. ఒలవడం చేతకాదు, తెల్లసొన సగం పెంకుతోనే ఊడి వచ్చింది. ఎసరు నీళ్లు తిరిగి బిందెలోకి పోసిన చప్పుడు వినిపించింది. తరవాత చాప మీద బరువు పడింది. ఆవిడ కూర్చుంది.

కాసేపు కాళ్లు ముడుచుకునే కూర్చుంది.

"ఏదో చెబుతున్నారక్కా, ట్రే సంగతి" అన్నాడు దుర్గాసాయి.

"అదేనండి. తెల్లారగట్ల నేనే కదండి ట్రేలు లాగేది. రొయ్య తోక ఎరుపెక్కితే మనకి రెండు రోజుల ముందే తెలిసిపోద్దండి. ఆ తెల్లమచ్చప్పుడు కూడా మొదలు నేనే చూసేను. ఈయనతో చెబితే, ఈయన అన్నయ్యగారికి చెప్పేరు."

గంగబాబు నమలడం ఆపాడు. ఆ ఏడాది ఆ రోగం రెండు రోజుల ముందే కనిపెట్టినందుకు ఆనందరావు గారు మీటింగులో తనకి శాలువా కప్పించారు. ముత్యాలరాజు చెప్పే ట్రే కబుర్లన్నీ ఎవరి కబుర్లో ఇప్పుడు తెలుస్తోంది. పోలమ్మ దాని గురించి చెబుతూనే పోయింది. తూర్పు గాలికీ, చెరువులో నీళ్లు చిలికే ఏరియేటరు నురగకీ సంబంధం చెప్పింది, చెబుతూ చెబుతూ కాళ్లు మళ్లీ చాపుకుంది. కబుర్లు ఆవిడ కుర్రాడికే చెబుతోంది, అతని వైపు తిరిగే. గంగబాబుకి ఆ సంగతి ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటోంది. తనకి రావలసిన పదకొండేళ్ల కబుర్లు ఈ కుర్రాడు నాలుగు రోజుల్లో కొట్టేశాడు. అయినా లేవాలనిపించలేదు.

గుడ్డు చప్పగా ఉంది. పైకి అనలేదు గానీ, కొరుకుతూ ముఖం కొంచెం చిట్లించాడేమో. చేతికందే దూరంలో ఏముందా అని చూస్తున్నాడు.

పోలమ్మ మాట ఆపకుండానే ఉప్పు డబ్బీ అతని వైపు జరిపింది, కూర్చున్న చోటు నుంచే.